ట్రోమ్సోలో ఉపచ్ఛాయ చంద్రగ్రహణం: చూశానా, చూశాననుకున్నానా?

ధ్రువతార69 | 7 జనవరి 2020, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. నేను నార్వేలో ట్రోమ్సోలో ఉంటున్నాను. ఉత్తర ధ్రువవృత్తం దాటి ఇంకా దాదాపు 350 కిలోమీటర్లు పైకి రావాలి. నవంబర్ 27 దగ్గర్నుంచి మాకు సూర్యుడు లేడు. మధ్యాహ్నం పూట రెండు మూడు గంటలు నీలం సిరా ఒలికినట్టు ఒక వెలుగు వస్తుంది, పోతుంది. దీన్ని వీళ్ళు మోర్కెటీడ్ అంటారు, చీకటికాలం అన్నమాట.

శుక్రవారం రాత్రి చంద్రగ్రహణం అని చదివాను. ఉపచ్ఛాయ గ్రహణమట. నా ప్రశ్నలు: ఇక్కడ చుట్టూ కొండలు, చంద్రుడు కనిపించేంత ఎత్తులో ఉంటాడా? ఎన్నింటికి చూడాలి? కళ్ళకు ఏమైనా పెట్టుకోవాలా? ల్యాబ్‌లో ఒకరు కెమెరా, 300 ఎంఎం లెన్సు ఇస్తామన్నారు. నాకు దాన్ని ఆన్ చేయడం వచ్చు, అంతవరకే.

నెలబాలుడు | 7 జనవరి, రాత్రి 10:25

స్వాగతం అమ్మా. చంద్రగ్రహణానికి కళ్ళద్దాలూ గిళ్ళద్దాలూ ఏమీ అక్కర్లేదు, మామూలు పౌర్ణమి చంద్రుణ్ణి చూసినట్టే చూడొచ్చు.

మీ గడియారం ప్రకారం చంద్రుడు ఉపచ్ఛాయలోకి, అంటే భూమి అసలు నీడ చుట్టూ ఉండే పలచటి నీడలోకి, వచ్చేది సాయంత్రం 6:07కి. నడిమి ఘట్టం 8:10, బయటపడేది 10:12. మొత్తం నాలుగు గంటల పైచిలుకు. చంద్రబింబం వ్యాసంలో దాదాపు 90 శాతం ఉపచ్ఛాయలోకి వస్తుంది. ప్రచ్ఛాయను, అంటే అసలు చిక్కటి నీడను, మాత్రం తాకకుండా దాని ఉత్తరపు పక్కనుంచి జారిపోతుంది.

కొండల గురించి దిగులు వద్దు. ఆ మాటకొస్తే భూమ్మీద ఈ గ్రహణానికి మీకున్నంత దర్జా సీటు తక్కువమందికి ఉంది. పౌర్ణమి అంటేనే చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉండటం. సూర్యుడు ఇప్పుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) 22 డిగ్రీలు దక్షిణాన ఉన్నాడు కాబట్టి మీకు ఉదయించడం లేదు. చంద్రుడు అంతకు అంత, ఇంకో డిగ్రీ ఎక్కువే, ఉత్తరాన ఉంటాడు. అందుకని ఆ రోజు మీకు చంద్రుడు అస్తమించడు! రాత్రి పన్నెండుకు కాస్త ముందు దక్షిణాన 43 డిగ్రీల ఎత్తుకు వెళ్తాడు. మధ్యాహ్నం వేళ ఉత్తర దిక్కున క్షితిజానికి రెండు డిగ్రీల పైన పాకుతూ ఉంటాడు. కొండ అడ్డం రావచ్చు, అది వేరే సంగతి.

గ్రహణం మొదలైనప్పుడు తూర్పున 22 డిగ్రీల ఎత్తు, 8:10కి తూర్పు ఆగ్నేయంలో 33 డిగ్రీలు, ముగింపుకు 40. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు పది డిగ్రీలు. మూడు పిడికిళ్ళు కొలిచి చూసుకోండి.

సందేహాల సుబ్బు | 7 జనవరి, రాత్రి 11:02

ఆమెకు ఊరికే ఆశ పెట్టకండి మాస్టారూ. ఉపచ్ఛాయ గ్రహణం అంటే పేరుకే గ్రహణం. నేను 2017 ఫిబ్రవరిలో ఒకటి చూద్దామని తెల్లవారుజామున లేచాను. చంద్రుడు చంద్రుడిలాగే ఉన్నాడు. నిద్ర పోయింది, అంతే. మైనస్‌లలో నిలబడి చూడాల్సినంత సీను లేదు.

నెలబాలుడు | 7 జనవరి, రాత్రి 11:20

సుబ్బూ, ఆ రోజు ఎన్నింటికి చూశావు?

సందేహాల సుబ్బు | 7 జనవరి, రాత్రి 11:24

మొదలవుతుందన్న టైముకి. ఓ పావుగంట చూసి పడుకున్నాను.

నెలబాలుడు | 7 జనవరి, రాత్రి 11:31

పెళ్ళికి వెళ్ళి పందిరి వేస్తున్నప్పుడే తిరిగొచ్చి భోజనం బాలేదన్నట్టుంది. ఉపచ్ఛాయ వెలుపలి అంచు ఎవరి కంటికీ కనబడదు. చంద్రుడి వ్యాసంలో మూడింట రెండు వంతులు లోపలికి వెళ్ళాకే కంటికి ఆనడం మొదలవుతుంది. ఈసారి 90 శాతం కాబట్టి 8:10కి అటూ ఇటూ నలభై నిమిషాలు మీదే. అంతకు ముందూ తర్వాతా ఇంట్లో కూర్చున్నా నష్టం లేదు.

ఉత్తరపుగాలి | 8 జనవరి, ఉదయం 7:15

నేను మూడేళ్ళు ట్రోమ్సోలో ఉన్నాను. దీవి నడినెత్తిన ప్రెస్ట్‌వానెట్ అని చెరువుంది కదా, అక్కడికి వెళ్ళండి. గడ్డకట్టి ఉంటుంది, చుట్టూ చెట్లు ఉన్నా ఆకాశం బాగా తెరుచుకుని ఉంటుంది. వీధి దీపాల పీడ తక్కువ. తూర్పు వైపు ట్రోమ్స్‌డాల్‌స్టిన్‌డెన్ కొండ 1,238 మీటర్లు, చూడ్డానికి పెద్దదే కానీ అది తొమ్మిది పది డిగ్రీలకు మించి అడ్డం రాదు. కేబుల్ కారెక్కి స్టోర్‌స్టైనెన్ మీదికి వెళ్దామని మాత్రం అనుకోకండి, 421 మీటర్ల ఎత్తులో ఆ గాలికి ట్రైపాడ్ నిలవదు.

మంచు మీద జారకుండా చెప్పులకి కింద తగిలించే బ్రొడ్డర్ మర్చిపోవద్దు. చంద్రుణ్ణి చూస్తూ నడిచేవాళ్ళే అక్కడ ఎక్కువ పడతారు. (అనుభవం. మణికట్టు.)

ఇంకొకటి, అక్కడ వాతావరణం మీద ఎప్పుడూ పందెం కాయకూడదు. సముద్రం పక్కన ఊరు. పది నిమిషాలు మబ్బు, పది నిమిషాలు నక్షత్రాలు.

లెన్సు లక్ష్మి | 8 జనవరి, ఉదయం 10:48

కెమెరా గురించి ఒకే ఒక్క మాట, దీన్ని చేతి మీద రాసుకోండి: మాన్యువల్. ఐఎస్ఓ 100, ఎఫ్/8, షట్టర్ 1/250 సెకను. మొదటి ఫొటో నుంచి చివరి ఫొటో దాకా ఏదీ కదపొద్దు. ఆటోలో పెడితే చంద్రుడు కాస్త మసకబారగానే కెమెరా 'అయ్యో పాపం' అని వెలుగు పెంచేస్తుంది. మీ ఫొటోలన్నీ కవల పిల్లల్లా వస్తాయి. ఫోన్ అయితే ఇంకా అన్యాయం, దానికదే పాలిష్ పెట్టేస్తుంది.

వైట్ బ్యాలెన్స్ కూడా ఆటో వద్దు, ఎండ గుర్తు మీద పెట్టండి. వెన్నెల అంటే ఎండే కదా.

కిరునా కుర్రోడు | 8 జనవరి, మధ్యాహ్నం 1:30

పక్క దేశం నుంచి హలో అక్కా! నేను కిరునా, స్వీడన్. మాకు ఈ నెల మొదట్లో సూర్యుడు తొంగిచూడటం మొదలైంది, మీకంటే రెండు డిగ్రీలు కిందున్నాం కాబట్టి.

బ్యాటరీలు రెండు పట్టుకెళ్ళండి. ఒకటి కెమెరాలో, ఒకటి చొక్కా లోపల ఒంటికి తగిలేలా. చలికి సగం చార్జింగ్ ఉండగానే చచ్చిపోతుంది, వేడెక్కాక మళ్ళీ లేస్తుంది, దెయ్యం సినిమాలోలాగా. లెన్సు మీదికి ఊపిరి వదలొద్దు, అక్కడికక్కడే మంచు పొర కడుతుంది. ఇంటికొచ్చేముందు బయటే కెమెరాని ప్లాస్టిక్ కవర్లో కట్టేసి లోపలికి తీసుకెళ్ళి ఓ గంట అలాగే వదిలేయండి. లేదంటే లెన్సు లోపల చెమ్మ పడుతుంది.

ధ్రువతార69 | 8 జనవరి, రాత్రి 8:05

ఇంత మంది ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, థ్యాంక్యూ. సుబ్బు గారూ, మీరన్నట్టే ఏమీ కనబడకపోతే వచ్చి ఒప్పుకుంటాను.

ధ్రువతార69 | 10 జనవరి 2020, సాయంత్రం 7:12

ప్రెస్ట్‌వానెట్ ఒడ్డున ఉన్నాను, ఫోన్ నుంచి రాస్తున్నా. వచ్చేటప్పటికి మబ్బు. ఇప్పుడు విచ్చుకుంది. మంచు మీద నా నీడ ఎంత నల్లగా ఉందంటే గ్లౌజు వేళ్ళు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. చంద్రుడు పక్కనే మిథునం జంట నక్షత్రాలు ఉన్నాయి. గ్రహణం మొదలై గంట అయింది. ఏమీ లేదు! సుబ్బు గారు నవ్వుకుంటున్నట్టు అనిపిస్తోంది.

సందేహాల సుబ్బు | 10 జనవరి, సాయంత్రం 7:20

నవ్వడం లేదు. దుప్పటి కప్పుకుని సానుభూతి చూపిస్తున్నాను.

ధ్రువతార69 | 10 జనవరి, రాత్రి 8:17

ఉంది!! అనుకుంటా. కింది అంచు మాసినట్టు ఉంది. ఎవరో బొగ్గు వేలితో తుడిచినట్టు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, తర్వాత రాస్తా

కిరునా కుర్రోడు | 10 జనవరి, రాత్రి 8:26

మాకు మబ్బే మబ్బు. ఒకసారి రెండు నిమిషాలు కనిపించి మూసేసుకుంది. మీదే లక్కు అక్కా, చూడండి చూడండి.

ధ్రువతార69 | 11 జనవరి 2020, ఉదయం 11:50

నిన్న రాత్రి కబురు. కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి.

ముందు తప్పు ఒప్పుకుంటాను. లక్ష్మి గారూ తిట్టకండి. మాన్యువల్ అని నిజంగానే చేతి మీద రాసుకున్నాను, దాని మీద గ్లౌజు వేసుకున్నాను. రాత్రంతా కెమెరా ఆటోలోనే ఉంది. అరవై ఫొటోలు, అన్నీ కవల పిల్లలే. ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే సాయంత్రం ఆరింపావు చంద్రుడికీ ఎనిమిదింటి చంద్రుడికీ తేడా చెప్పడం నావల్ల కాలేదు. ఎనిమిదింటివాడి కింది భాగం కాస్త బూడిదరంగుగా ఉందేమో అనిపిస్తుంది, మళ్ళీ చూస్తే లేదనిపిస్తుంది.

కంటితో చూసింది మాత్రం ఇదీ. ఏడున్నర దాకా ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ఎప్పుడో, ఎప్పుడని చెప్పలేను, చంద్రుడు గుండ్రంగా ఉన్నా చదునుగా లేడనిపించింది. కింది వైపు బరువెక్కినట్టు. గీత లేదు, అంచు లేదు. ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించమంటే చూపించలేను. కళ్ళు చికిలిస్తే బాగా తెలిసింది, తేరిపార చూస్తే మాయమైంది. నేరుగా చూస్తే చంద్రుడి వెలుగే కళ్ళు చెదరగొట్టేస్తోంది.

ఇంకో సంగతి. చెరువు దగ్గర పదిమంది దాకా టూరిస్టులు అరోరా (ధ్రువకాంతి) కోసం వచ్చారు. పౌర్ణమి వెలుగులో అరోరా వెలవెలబోతోందని వాళ్ళ గొడవ వాళ్ళది. 8:20కి ఉత్తరాన సన్నగా ఒక ఆకుపచ్చ చార లేచింది. అందరూ అటు తిరిగారు. నేనొక్కదాన్నే ఇటు. ఒకావిడ నా వైపు జాలిగా చూసి 'అటు, అటు' అని వేలు చూపించింది.

ఇంటికి నడిచొస్తుంటే అనుమానం పట్టుకుంది. కనబడుతుంది అని మీరంతా చెప్పబట్టి కనిపించిందా? ఎవరూ చెప్పకపోయుంటే నేను పైకి చూసి మామూలు పౌర్ణమే అనుకుని వెళ్ళిపోయేదాన్ని కదా?

సందేహాల సుబ్బు | 11 జనవరి, మధ్యాహ్నం 12:15

నిజాయితీగా రాశారండీ, దానికి దండం. కానీ నా ఓటు 'చూశాననుకున్నారు' కే. పల్చటి మబ్బు పొర వెళ్ళినా చంద్రుడు మాసినట్టే ఉంటాడు. పైగా మీ ఫొటోలు కూడా సాక్ష్యం చెప్పడం లేదు.

లెన్సు లక్ష్మి | 11 జనవరి, మధ్యాహ్నం 2:40

తిట్టను గానీ... సరే తిట్టను. 😄

ఒక్క నిమిషం, ఆ ఫొటోలు పారేయకండి. కెమెరా ఆటోలో ఉందంటే అది తనకు తోచినట్టు షట్టర్ మార్చుకుంటూ వచ్చిందన్నమాట. ఎంత మార్చిందో ప్రతి ఫొటో వెనకా రాసే ఉంటుంది, ఫొటో వివరాల్లో చూడండి. ఐఎస్ఓ, ఎఫ్ మారలేదు కదా? స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో ఒక్క చోటి వెలుగునే కొలవడం) ఉందా? మబ్బులేని టైముల్లో తీసినవి మాత్రమే తీసుకుని షట్టర్ స్పీడ్ ఇక్కడ పెట్టండి.

ధ్రువతార69 | 11 జనవరి, సాయంత్రం 4:10

ఐఎస్ఓ 100, ఎఫ్/8 కదల్లేదు, కెమెరా ఇచ్చినవాళ్ళు అలాగే బిగించి ఇచ్చారట. స్పాట్ మీటరింగే, చంద్రుడు నడిమధ్యలో. నాకు మబ్బు లేదని గుర్తున్నవి మాత్రమే:

సాయంత్రం 6:20 – 1/320
7:10 – 1/320
7:45 – 1/250
8:10 – 1/200
8:35 – 1/200
9:20 – 1/250
10:15 – 1/320

రాస్తుంటే నా చేతులే వణుకుతున్నాయి. ఇది అదేనా?

లెన్సు లక్ష్మి | 11 జనవరి, సాయంత్రం 4:22

అదే! 1/320 నుంచి 1/200 అంటే కెమెరా రెండు మెట్లు దిగి, మళ్ళీ రెండు మెట్లు ఎక్కింది. ఒక్కో మెట్టు స్టాప్‌లో మూడో వంతు (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). అంటే 8:10కి కెమెరాకి అదే చంద్రుడు ఒకటిన్నర రెట్లకు పైగా మసకగా కనబడ్డాడు. ఫొటోల్లో దొంగతనం జరిగింది గానీ దొంగ తన చిట్టా మాత్రం పక్కాగా రాసిపెట్టాడు.

నెలబాలుడు | 11 జనవరి, సాయంత్రం 5:05

లక్ష్మి గారూ భలే పట్టారు. దానికి తోడు ఒకటి చెప్తాను. ఆ రాత్రి చంద్రుడు పైకి ఎక్కుతున్నాడు, 22 డిగ్రీల నుంచి 33కి. పైకి ఎక్కేకొద్దీ మధ్యలో గాలి మందం తగ్గుతుంది, అంటే ఇంకా కాస్త వెలుగు పెరగాలి. పెరగాల్సిన చోట తగ్గింది.

ఎందుకు తగ్గుతుందో కూడా చెప్పుకోవాలి. ఉపచ్ఛాయ అంటే ఏమిటని అడిగితే 'పలచటి నీడ' అని వదిలేస్తారు. చంద్రుడి మీద నిలబడి చూడండి, అప్పుడు తెలుస్తుంది. అక్కణ్ణుంచి భూమి సూర్యుడికంటే మూడున్నర రెట్ల పైగా పెద్దగా కనిపిస్తుంది. ఉపచ్ఛాయలో ఉన్నవాడికి భూమి సూర్యుణ్ణి కొంత మూస్తుంది, కొంత వదిలేస్తుంది. వాడికి అది పాక్షిక సూర్యగ్రహణం. నిన్న 8:10కి చంద్రుడి దక్షిణపు అంచున ఉన్నవాడికి సూర్యబింబం వ్యాసంలో పదింట తొమ్మిది వంతులు మూసుకుపోయింది. టైకో అనే పెద్ద బిలం దగ్గర ఉన్నవాడికి దాదాపు ముప్పావు. ఉత్తరపు అంచున ఉన్నవాడికి మాత్రం నిక్షేపంలా ఎండ కాస్తోంది. ఈ చివర నుంచి ఆ చివరకు వెలుగు అలా మెల్లగా పోతుంది కాబట్టే ధ్రువ గారికి గీత దొరకలేదు.

టైకో సంగతి ముఖ్యం. మామూలు పౌర్ణమికి చంద్రుడి ముఖంలో బాగా మెరిసే చోట్లలో అదొకటి, చుట్టూ తెల్లటి చారలు కూడా. కింది వైపు ఎప్పుడూ పై వైపు కంటే వెలుగుగానే ఉంటుంది. అలాంటిది అటే మాసిపోయిందంటే మన కన్ను ఊహించుకునే రకం మార్పు కాదు.

సందేహాల సుబ్బు | 11 జనవరి, సాయంత్రం 5:50

వెలుగు తగ్గిందని ఒప్పుకుంటాను. కానీ కంటికి కనబడని పల్చటి మబ్బు గంటన్నర పాటు ఉండి పోయినా కెమెరా ఇవే అంకెలు చూపిస్తుంది కదా? అక్కడ పది నిమిషాలకో మబ్బు అని ఉత్తరపుగాలి గారే అన్నారు. కేసు ఇంకా తెరిచే ఉంది.

ఉత్తరపుగాలి | 11 జనవరి, సాయంత్రం 6:30

ట్రోమ్సోలో గంటన్నర పాటు బుద్ధిగా కదలకుండా ఒక చోట నిలబడే మబ్బుని చూపిస్తే నేను మీకు దండేసి పంపిస్తాను సుబ్బు గారూ.

సందేహాల సుబ్బు | 11 జనవరి, సాయంత్రం 6:34

దండ సరే, అది సాక్ష్యం కాదు. 🙂

ధ్రువతార69 | 11 జనవరి, రాత్రి 8:20

ఇంకొకటి ఉంది, ఇది పెట్టాలా వద్దా అని ఆలోచించాను, బొమ్మ వికారంగా ఉంటుందని. కెమెరా పనిచేయడం లేదేమో అని భయమేసి చిన్న నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో మూడు సున్నాలు చుట్టాను. (పెన్ను గడ్డకట్టింది.) ఎక్కడ మసిగా అనిపిస్తే అక్కడ గీతలు పెట్టాను. గడియారం ముల్లులా చెప్తాను:

7:35 – సరిగ్గా ఆరు దగ్గర. పక్కన 'ఏమో?' అని రాశాను.
8:12 – ఆరుకీ అయిదుకీ మధ్య, అయిదుకు దగ్గరగా. 'ఉంది'.
8:50 – అయిదు దాటి నాలుగు వైపు. 'ఉంది, తగ్గుతోంది'.

మూడూ ఒక చోట రాలేదు కాబట్టి నేనే సరిగ్గా చూడలేదనుకుని ఈ సంగతి రాయలేదు.

నెలబాలుడు | 11 జనవరి, రాత్రి 8:41

అమ్మాయ్! అసలైనదాన్ని నోట్‌బుక్‌లో దాచిపెట్టుకుని మమ్మల్ని అంకెల చుట్టూ తిప్పావు.

మసి ఒకే చోట ఉండకూడదు. కదలాలి. చంద్రుడు నీడకు ఉత్తరంగా పడమటి నుంచి తూర్పుకు వెళ్తున్నాడు. నీడ నడిబొడ్డు ముందు అతనికి ఆగ్నేయంగా, తర్వాత సరిగ్గా దక్షిణంగా, ఆపైన నైరుతిగా ఉంటుంది. బాగా నల్లబడే చోటు ఎప్పుడూ నీడ నడిబొడ్డు వైపే కాబట్టి అది అంచు వెంబడి జరుగుతుంది. నేను ఇందాక కూర్చుని లెక్కేశాను. 8:10కి నీ ఊళ్ళో చంద్రుడి దక్షిణపు కొన కిందికి నేరుగా ఉండదు, ఇరవై డిగ్రీలు కుడికి వాలి ఉంటుంది. ఆకాశంలో తూర్పు నుంచి ఎక్కుతున్నాడు కదా, అందుకని. నలభై నిమిషాల ముందు మసి దాదాపు సరిగ్గా కిందన, నలభై నిమిషాల తర్వాత కిందనుంచి కుడికి ముప్పై అయిదు డిగ్రీల దగ్గర ఉండాలి. గడియారంలో ఒక్కో అంకెకు ముప్పై డిగ్రీలు. ఆరు, అయిదున్నరకు ఈవల, అయిదుకు ఆవల. నీ మూడు సున్నాలూ పోయి వాటి చోట్లో కూర్చున్నాయి.

ఇక్కడ ఉత్తరాది ఊళ్ళో చూడటం వల్ల ఒక లాభం కూడా ఉంది. నాలుగు గంటలూ చంద్రుడు నీకు పెద్దగా ఒరగలేదు, ఇరవై రెండు నుంచి పదకొండు డిగ్రీల దాకా మాత్రమే. అదే సమయానికి దక్షిణ భారతంలో చంద్రుడు నడినెత్తికి దగ్గర్లో ఉన్నాడు. అక్కడ నువ్వు ఎటు తిరిగి మెడ వాల్చితే అటే 'కింద' అవుతుంది. అక్కడైతే ఈ బొమ్మ గీసినా చదవడం కష్టమయ్యేది.

లెన్సు లక్ష్మి | 11 జనవరి, రాత్రి 8:50

వచ్చే గ్రహణానికి అందరూ కెమెరా ఇంట్లో పెట్టి పెన్సిల్ పట్టుకెళ్ళండి. నా దుకాణం మూసేస్తాను.

కిరునా కుర్రోడు | 11 జనవరి, రాత్రి 9:02

అక్కా మసి జరుగుతుందని మీకు ముందే తెలుసా?

ధ్రువతార69 | 11 జనవరి, రాత్రి 9:10

తెలియదు. తెలిస్తే మూడూ ఒకచోట రాలేదని సిగ్గుపడేదాన్నా!

సందేహాల సుబ్బు | 11 జనవరి, రాత్రి 9:48

మూడుసార్లు చదివాను. మబ్బు అంచు వెంబడి గడియారం చూసుకుంటూ నడవదు. ఒప్పుకున్నాను, చూశారు. పైగా కనబడదని నమ్మించడానికి ప్రయత్నించిన నా ప్రభావం కూడా మీ మీద పనిచేయలేదు.

ఇప్పుడు నాకు బాధ వేరే. 2017లో ఆ పావుగంటకు ఇంకో గంటన్నర కలిపి ఉంటే అయిపోయేది. అప్పటిది ఎంత లోతు మాస్టారూ?

నెలబాలుడు | 11 జనవరి, రాత్రి 10:05

చెప్పనా? బాధపడతావు. 2017 ఫిబ్రవరి 11ది 0.99, అంటే వ్యాసంలో 99 శాతం. ఉపచ్ఛాయలో మొత్తం చంద్రుడు మునగడానికి వెంట్రుక వాసి తక్కువ. ఈసారి వచ్చినదానికంటే అదే బాగా కనపడేది.

మొత్తం మునిగేవి అరుదు, ఎందుకంటే ఉపచ్ఛాయ పట్టీ వెడల్పూ చంద్రుడి వెడల్పూ ఇంచుమించు సమానం. అటు ప్రచ్ఛాయ తగలకుండా, ఇటు బయటికి పొడుచుకు రాకుండా పట్టాలి. 2006 మార్చి 14న అలా పట్టింది. మళ్ళీ 2053 ఆగస్టు 29న.

సందేహాల సుబ్బు | 11 జనవరి, రాత్రి 10:11

అడగకుండా ఉండాల్సింది.

మోడరేటర్ | 12 జనవరి, ఉదయం 9:00

ఈ చర్చ శీర్షిక మొదట 'ట్రోమ్సోలో గ్రహణం ఎన్నింటికి?' అని ఉండేది. ధ్రువతార69 గారు అడగడంతో మార్చాం. అరోరా ఫొటోల మీద మొదలైన వేరే వాదనను అరోరా విభాగానికి తరలించాం, దయచేసి అక్కడ కొట్టుకోండి.

కిరునా కుర్రోడు | 12 జనవరి, ఉదయం 10:20

ఈ ఏడాది ఇంకా మూడు ఉపచ్ఛాయ గ్రహణాలున్నాయంట కదా. జూన్ 5, జులై 5, నవంబర్ 30. నేను మబ్బుకి పోగొట్టుకున్నది ఎప్పుడు రాబట్టుకోవచ్చు మాస్టారూ?

నెలబాలుడు | 12 జనవరి, ఉదయం 11:15

మీ ఇద్దరికీ కలిపే చెప్తాను. శీతాకాలంలో మీకిచ్చిన దర్జా సీటు ఎండాకాలంలో లాగేసుకుంటారు. జూన్‌లో సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, మీకు అస్తమించడు. పౌర్ణమి చంద్రుడు ఎదురుగా దక్షిణాన దిగిపోయి అసలు ఉదయించడు. జూన్ 5, జులై 5 రెండిటికీ మీ ఆకాశంలో చంద్రుడే ఉండడు. ఉన్నా లాభం లేదు, మొదటిది సగానికి కాస్త పైన, రెండోది మూడో వంతు, కంటికి ఆనేవి కావు.

నవంబర్ 30ది లోతైనదే, 0.83. కానీ నడిమి ఘట్టం మీకు ఉదయం 10:43కి. ఆ వేళకు చంద్రుడు ఉత్తర క్షితిజాన్ని రాసుకుంటూ ఉంటాడు. ట్రోమ్సోలో కొండ వెనక అన్నమాట. కిరునాలో ఇంకా కింద.

కిరునా కుర్రోడు | 12 జనవరి, ఉదయం 11:19

అంటే ఈ ఏడాదికి నా ఖాతాలో ఆ రెండు నిమిషాలే.

ధ్రువతార69 | 12 జనవరి, మధ్యాహ్నం 12:30

ఆ రెండు నిమిషాలు ఎన్నింటికి తమ్ముడూ? ఎనిమిదికి దగ్గరైతే కళ్ళు మూసుకుని గుర్తుచేసుకో, అయిదు అంకె దగ్గర ఏమైనా ఉందేమో.

ఇప్పుడే కిటికీలోంచి చూశాను. మధ్యాహ్నం పన్నెండున్నర, బయట నీలం వెలుగు, ఉత్తరాన క్వాలోయా దీవి కొండల మీద చంద్రుడు ఉన్నాడేమోనని వెతికాను. కొండ అంచు మాత్రం తెల్లగా మెరుస్తోంది, మనిషి కనబడలేదు. నోట్‌బుక్ కెమెరా సంచీలోనే ఉండిపోయింది, రేపు ల్యాబ్‌లో ఇచ్చేముందు తీసుకోవాలి.